రొయ్యకు మంచినీళ్లు

మా మామ పోయారని విరుదునగరం నుంచి తంతి వచ్చింది. కూతురింట నాలుగు రోజులుండి వస్తానని కోవిల్‌పట్టిలో రైలెక్కిన మనిషి. మా ఆయన తంతి చదివి, మడిచి నా చేతిలో పెట్టి అరుగు మీద కూలబడ్డాడు. నాకు ఏడుపు తరవాత వచ్చింది. ముందు కోపమే వచ్చింది. ఇంత మాట నాతో చెప్పకుండా పోతారా?

మా మామ కోవిల్‌పట్టి బడిలో సైన్సు చెప్పేవారు. ఊరంతటికీ వాద్యారు, నాకు మా ఆయన తండ్రి. చాదస్తపు మనిషి. చొక్కా బొత్తాలు కిందినుంచి పైకి పెట్టుకునేవారు. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు వాసన చూసేవారు. కోపం వస్తే ఆయన గొంతు పెరగదు, తగ్గుతుంది. అదే ఎక్కువ భయం.

నేను కాపురానికొచ్చిన రెండో ఏడు ఆయన తూత్తుకుడి వెళ్లి, ఊరగాయ జాడీలో ఒక రొయ్యను పట్టుకొచ్చారు. వెంట రెండు డబ్బాల సముద్రపు నీళ్లు. నల్లరేగడిలో పుట్టిన మన పిల్లలు సముద్రం ఎరగరని, బడిలో గాజు తొట్టి పెట్టి చూపించాలని ఆయన పట్టుదల. రైల్లో ఎవరిదో ట్రంకుపెట్టె తగిలి జాడీలో అది దాక్కునేందుకు వేసిన రాయి దాని మీదికి దొర్లింది. ఇల్లు చేరేసరికి పాపం దానికి ఒక పక్క మూడు కాళ్లు లేవు.

మా అత్త తొంగిచూసింది. "దీనికా ఇంత పాటు? పులుసులో యేస్తే ఒక ముద్దకు గూడా రాదు."

"సచ్చినాక యేసుకో. సచ్చిందని సెప్పేదానికి ఏమి తొందర?" అన్నారు మామ.

అది కోలుకునేదాకా తొట్టిని ఇంట్లోనే నీడపట్టున పెట్టారు. నీళ్లు వేడెక్కకుండా గాజు చుట్టూ తడిగుడ్డ. నీళ్లకు గాలి తగలాలని గంటకోసారి గరిటెతో ఎత్తి సన్నగా పోయాలి. చేపముక్క ఆవగింజంత పెట్టి, తినకపోతే పుల్లతో తీసెయ్యాలి. పసిపిల్లకు కూడా ఇంత చాకిరీ ఉండదు! ఆయన ఇంట్లో ఉంటే ఆయన, బడికి పోతే నేను. గాజు మీద కాగితం ముక్క అంటించి, "నీల్లు దీని కిందికి దిగితే మంచినీల్లు పొయ్యమ్మా, మంచినీల్లే" అని రెండుసార్లు చెప్పారు.

చెప్పడం సులువే. మా పెరటి బావిలోవి ఉప్పునీళ్లు. వాటిలో కందిపప్పు పొద్దుగూకేదాకా పెట్టినా ఉడకదు. పప్పుకీ తాగడానికీ మైలు దూరం నుంచి బిందె మోసేది నేను. సముద్రంలో పుట్టినదానికి ఉప్పునీళ్లు చేదా, దీనికోసం నా నడుము విరగాలా అనుకున్నాను. పెరటి నీళ్లే పోశాను. ఒకరోజు కాదు, తొమ్మిది రోజులు.

పదో రోజు అది పక్కకు ఒరిగిపోయింది. మామ బడినుంచి వచ్చి చూశారు. తొట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు.

"మంచినీల్లే కదా పోసినావు?" అని అత్త నన్ను అడిగింది.

"మంచినీల్లే" అన్నాను.

మామ నావైపు చూడలేదు. "ఎండ ఎక్కువ ఉండాది. అదే" అన్నారు. గొంతు బాగా తగ్గింది. అత్త వెళ్లాక, గోడకు చెప్పినట్టు అన్నారు: "ఎండకు నీల్లే ఆవిరైపోతాయి. ఉప్పు యాడికీ పోదు, తొట్టిలోనే నిలిచిపోతాది. పైన మల్లా ఉప్పునీల్లు చేరితే అది ఎట్లా తాళుతాది?"

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా నిజం చెప్పలేదు.

ఆయన బిందె భుజాన పెట్టుకుని తానే నీళ్లకు బయల్దేరారు. బావి దగ్గర ఆడవాళ్లు, వాద్యారు రొయ్యకు నీళ్లు మోస్తున్నారని అరవంలో ఒకటే నవ్వు. ఆయన పట్టించుకోలేదు. తొట్టిలోంచి ఒక గరిటె తీసి, మంచినీళ్లు ఒక గరిటె పోసి, సాయంత్రం దాకా ఆగి మళ్లీ ఒకటి. ఒక్కసారిగా మారిస్తే అది తట్టుకోదట. మర్నాటినుంచి నేనూ రెండో బిందె ఎత్తుకున్నాను. దీన్ని బతికించకుండా వదిలేది లేదని పంతం పట్టాను. అయిదు రోజులు అది ఒరిగే ఉంది. ఆరో రోజు మీసం కదిపింది. ఇంకో మూడు వారాలకు పైపొర విడిచింది. చూద్దుం కదా, కాళ్లు పోయినచోట వెంట్రుకల్లాంటి మూడు కొత్త కాళ్లు! మామ పెద్ద కేకవేసి నన్ను పిలిచారు. ఆయన కేక వినడం నాకు అదే మొదలు, అదే చివర.

తొట్టిని బడికి చేర్చిన రోజు మంచినీళ్ల బిందెతో నేనూ వెళ్లాను. పిల్లలు తొట్టి చుట్టూ మూగారు. మామ దాని సంగతంతా చెబుతుంటే, మధ్యలో దానికి జబ్బెందుకు చేసిందని ఒకడు అడిగాడు. మామ "ఎండ..." అని మొదలుపెట్టారు.

"ఎండ కాదు మామా" అన్నాను గుమ్మంలోంచి. "నేను. నేనే ఉప్పునీల్లు పోసినాను. అబద్దం గూడా సెప్పినాను."

కోడలు పిల్ల బడిలో నోరు విప్పడమే వింత, అదీ ఈ మాట. మామ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తన కుర్చీని తొట్టి పక్కకు జరిపి, "ఇట్లా కూసోని మొదలు నుండి సెప్పమ్మా. అరవంలో సెప్పు, పిలకాయలకు తెలియాల" అన్నారు.

చెప్పాను. ఆయన వెళ్లి చివరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. చేతులు కట్టుకుని, నా మాట ఒక్కటీ పోకుండా విన్నారు.