శిలువ యోధుల నాటకం, ముగ్గురు సాక్షులు

మీరిచ్చిన సలహా వల్ల ఇద్దరి ప్రాణాలు పోతాయేమోనని మీరెప్పుడైనా వణికారా? నేను వణికాను. ఇరవై ఒక్క రోజులు.

ప్రొద్దుటూరులో మా హేతువాద మిత్రులం ఆదివారాలు ఒక బట్టల అంగడి మేడమీద కలిసేవాళ్లం. అక్కడ ఆడించడానికి నేనొక నాటకం రాశాను. ముస్లిముల మీద శిలువ యుద్ధాలకు యూరపు నుంచి వచ్చి, జెరూసలేము ప్రాంతంలోనే ఉండిపోయిన క్రైస్తవ కుటుంబాల కథ. వాళ్ల మనవళ్లకు అరబ్బీ వచ్చు. ఎండకు తలపాగాలు చుట్టారు. జబ్బు చేస్తే పొరుగు ముస్లిముల మందే తాగారు. అలాంటి ఇంటి కుర్రాడు ఒక ముస్లిం వైద్యుడి కూతుర్ని ప్రేమిస్తాడు. ఇద్దరూ ఉప్పు వర్తకుల వేషంలో ఒంటెల మీద ఎడారి దాటి గెలుస్తారు.

కుర్రాడి వేషం పులివెందుల పూజారి కొడుకుది. అమ్మాయి వేషం జమ్మలమడుగు ముస్లిం టైలరు కూతురిది. ఇద్దరూ ప్రొద్దుటూరులో ఒకే బడిలో టీచర్లు. రిహార్సల్సు సగంలో ఉండగా నా ముందుకొచ్చి నిలబడ్డారు.

“పెండ్లి చేసుకుంటాం సార్. నేను మతం మారితే ఒక్క పూటలో అయిపోతాది” అన్నాడతను.

నాకు ఒళ్లు మండింది. “నా ఉపన్యాసాలు విని నేర్చుకున్నది ఇదా? ఎవరూ మతం మారనక్కర్లేని పెళ్లి చట్టంలో ఉంది. రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసు ఇవ్వండి. దొంగల్లా ఎందుకు?”

“ఆ నోటీసు నెల దినాలు బోర్డులో ఉంటాది సార్” అందామె. “మా మామ స్టాంపు పేపర్లకు ఆడికే పోతాంటాడు.”

“నాటకంలో ఎడారే దాటావు కదమ్మా!”

“నాటకంలో మీరు ఒంటెనిచ్చినారు. ఈడ నాకుండేది జమ్మలమడుగు బస్సు.”

అందరం నవ్వాం. వాదన నేనే గెలిచాను.

నోటీసు ఇచ్చిన తొమ్మిదో రోజు దాని ఫొటో ఊళ్లో ఫోన్లన్నింటిలో తిరిగింది, ఇద్దరి చిరునామాలతో సహా. ఆ మధ్యాహ్నమే ఆమె సర్టిఫికెట్ల సంచితో మా ఇంటికొచ్చింది. అతను నా మిత్రుడి ఇంట్లో తలదాచుకున్నాడు.

దయ్యాలు లేవని శ్మశానంలో కూర్చుని అన్నం తిన్నవాణ్ని నేను. మా గేటు ముందు బైకు ఆగితే ముద్ద కంచంలోనే వదిలేసి లేచాను. ఒకడు పెళ్లికొడుకు వైపువాడు, ఇంకొకడు పెళ్లికూతురి వైపువాడు. రెండు మతాలూ ఒకే బైకు మీద వచ్చాయి.

“ఏమప్పా, నాటకాలాడిస్తాండావంటనే? ఆఖరి సీనుకు మేమూ వస్తాంలే.”

లోపల కుక్కరు విజిలు వేసినా ఆమె ఉలిక్కిపడేది. ఉప్పు మూటల మధ్య కూర్చున్న నా నాయిక ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూసిందో నేను రాయలేదు. సాహసం రాశాను. భయం అప్పుడు నాకు తెలియదు.

గడువు ముగిశాక ఆఫీసుకు వెళ్లాం. సాక్షులు ముగ్గురుండాలి. నేనొకణ్ని, అతన్ని దాచిన మిత్రుడొకడు. మూడోవాడు, మతాంతర వివాహాల మీద మాలో అందరికన్నా గట్టిగా మాట్లాడేవాడు, ఫోను ఆపేసుకున్నాడు. ఆ బైకు బయటే ఉంది.

“మూడో సాక్షి లేకుంటే ఇంగో దినం రాండి” అన్నాడు గుమాస్తా.

ఇంకో దినానికి వీళ్లు బతికుంటారా?

బెంచీ మీద ఒక పెద్దావిడ ఉంది. గండికోట జలాశయం నీళ్లలో ఊరు మునిగిన మనిషి. కొండాపురం దగ్గర కాలనీలో ఇచ్చిన ఇంటి కాగితాల పనిమీద వచ్చింది.

“నేను పెడ్తా సంతకం” అంది.

“వాళ్లెవరో నీకు తెలుసునా అవ్వా?” అన్నాడు గుమాస్తా.

“ఇప్పుడు చూస్తాండా కదా. ఆ పాప పొద్దున్నించి వణుకుతాంది. యాడ పెట్టాల?”

“బయట మనుషులున్నారమ్మా” అన్నాను నేను, సిగ్గు లేకుండా.

“మా ఊరే నీళ్లలో పాయ. నన్నింగ ఏం జేస్తారప్పా?”

ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది. ఆ ఇద్దరూ ఇప్పుడు బతికే ఉన్నారు. ఎక్కడో చెప్పను.

నా ఉపన్యాసాలకు చప్పట్లు చాలించండి. మీ ఊరి ఆఫీసు బోర్డు మీద అలాంటి నోటీసు కనబడితే ఫొటో తీయకండి. గడువు ముగిసే రోజు గుర్తుపెట్టుకోండి. ఆధార్ కార్డు తీసుకుని పోయి, ఆ ఇద్దరి పక్కన నిలబడి సంతకం పెట్టండి.