నలుపు వెతుక్కుంటూ ధర్మవరానికి

హిందూపురంలో మాది సవరాలు కట్టే ఇల్లు. మా నాయన కట్టేవాడు, ఆయన తర్వాత నేను. జుట్టు పలచబడిన ఆడవాళ్ళు జడలో కలుపుకునే సవరానికి వెంట్రుకల రంగు సరిపోల్చడంలో నా కన్నుకు తిరుగులేదని నా నమ్మకం. అందుకే ధర్మవరం నుంచి నేను కట్టిన సవరం ఒకటి పోస్టులో తిరిగొచ్చేసరికి ఒళ్ళు మండింది.

తిప్పి పంపింది సరోజమ్మ అనే ఆడపిల్లల బడి టీచరు. టైఫాయిడ్ వచ్చి జుట్టు పోయిందనీ, ఏడాదిగా సెలవులో ఉన్నాననీ, ఈ సోమవారం బడికి పోకపోతే ఉద్యోగం దక్కదనీ ముందే రాసింది. ఆ ఉత్తరంతో పాటు వెంట్రుకల పాయ ఒకటి పంపింది. దానికి తగ్గట్టే కట్టాను. ఇప్పుడేమో, ఎండలో రెండు రంగులు కనిపిస్తున్నాయి, పెట్టుకుని బయటికి రాలేను అంటుంది. పాయనూ సవరాన్నీ వీధిలో ఎండకు పట్టి చూశాను. రవ్వంత తేడా లేదు.

"పోయి ఆమె తల చూసి రాపో. ఈడ కూర్చోని కోపం చేసుకుంటే ఏమొస్తాది?" అంది నా భార్య.

శనివారం ఉదయం ఆరున్నర ప్యాసింజరెక్కాను. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులు. టికెట్ల కిటికీ దగ్గర అణాలతో లెక్క తేలక అందరికీ ఆలస్యమే. ఎనిమిదికి పెనుకొండలో దిగి, స్టేషన్ బయట ఉగ్గాని తిని, జట్కాలో ఊళ్ళోకి పోయాను. అక్కడ మా మేనత్త నాగమ్మ ఉంది. పల్లెలు తిరిగి, సూదులూ పిన్నులూ ఇచ్చి ఆడవాళ్ళ దగ్గర చిక్కు వెంట్రుకలు తెచ్చేది. సంగతి విని, మూటలు విప్పి అరుగు మీద ఎండలో పరిచింది. ఒకటి కాకిరెక్కలా నీలంగా మెరిసింది. ఒకటి వేయించిన కాఫీగింజలా ఉంది. ఇంకోదాంట్లో చింతగింజ ఎరుపు తొంగి చూసింది.

"నలుపంటే ఒకటే అనుకుంటారబ్బా జనం," అంది అత్త. నేను వద్దంటున్నా అన్నింట్లోంచీ ఒక్కో కట్ట నా సంచిలో పెట్టింది.

మధ్యాహ్నం రెండున్నరకు మళ్ళీ రైలు. ఎదురుగా ఖాకీ కోటు వేసుకున్న పెద్దాయన కూర్చున్నాడు. ఊరు తనకల్లు, పటాలంలో చేసి వచ్చాడు. నా పని ఏమిటో అడిగి తెలుసుకున్నాక తన తిరుగుడు చెప్పాడు. యుద్ధానికి ఇటలీ పంపినప్పుడు అక్కడ అందరికీ పసుప్పచ్చ జుట్టే ఉంటుందనుకున్నాడట. దిగి చూస్తే ఎక్కువమంది నల్లజుట్టు వాళ్ళే. యుద్ధమయ్యాక జపానుకు పంపారట. అక్కడ పండు ముసలివాళ్ళు తప్ప నలుపు కాని తల కనపడలేదన్నాడు.

"యాడికి పోయినా నలుపే ఎక్కువప్పా. నీకు పని తక్కువ కాదులే," అన్నాడు. ప్రపంచమంతా నా అంగడే అన్నంత సంతోషమయింది.

సాయంత్రం ధర్మవరంలో దిగి, స్టేషన్ దగ్గరి సత్రంలో పడుకున్నాను. ఆదివారం ఏడింటికే మగ్గాల చప్పుడు వినబడే సందులో సరోజమ్మ ఇల్లు పట్టుకున్నాను. ముప్పై ఏళ్ళ మనిషి, తల నిండా కొంగు కప్పుకుంది. పెరట్లోకి, ఎండలోకి రమ్మన్నాను. చాలాసేపు తటపటాయించింది. వాళ్ళమ్మ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాక కొంగు తీసింది.

జుట్టు మెడ మీదికి పెరిగింది. ఒత్తుగానే ఉంది. కానీ కాఫీగింజ నలుపు. నేను కట్టిన సవరం కాకిరెక్క నలుపు.

"టీచరమ్మా, మీరు పంపిన పాయ ఎప్పటిది?" అన్నాను.

జ్వరంలో కత్తిరించిన జడను వాళ్ళమ్మ గుడ్డలో చుట్టి దాచిందట. అందులోంచి తీసి పంపిందట. "నా జుట్టు అదే కదన్నా. ఇప్పుడుండేది నాదని అనిపించదు," అంది.

నా కన్ను తప్పలేదు. కానీ తల చూడకుండా సవరం కట్టింది నేనే. కోపమంతా దిగిపోయింది.

"ఇది కూడా నలుపేనమ్మా. మీ తలలో మొలిచింది మీది కాక ఎవరిది?" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, నాకు కూర్చోవడానికి అరుగు మీద చాప తెచ్చి వేసింది.

కాఫీగింజ కట్టలో చింతగింజది కొంచెం కలిపి, సాయంత్రం నాలుగు దాకా అరుగు మీదే కూర్చుని కట్టాను. జడ అల్లాక ఆమె ఎండలో నిలబడి వెనక్కు తిరిగింది. అతుకు ఎక్కడుందో వాళ్ళమ్మకు దొరకలేదు. అదీ నా పనితనం.

సోమవారం రైలు పదకొండుకు. తొమ్మిదిన్నరకు బడి పక్కగా నడిచాను. పొట్టి గోడ అవతల పిల్లలు ప్రార్థనకు వరసలు కట్టారు. సరోజమ్మ ఎండలో నిలబడి ఉంది. ఒక పిల్ల ఆమె జడ చూపించి ఏదో అడిగింది.

"సగం నాది, సగం సవరం. పోయి వరసలో నిలబడు," అంది ఆమె, మామూలుగా.

నాకు మొదట ప్రాణం ఉసూరుమంది. అంతలో ఆ పిల్ల తలూపి వరసలోకి పోయింది. ప్రార్థన మొదలయింది. ఎవరూ మళ్ళీ ఆ జడ వైపు చూడలేదు.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క చోటు దొరికింది. పెనుకొండ కొండ కనబడి వెనక్కు పోయేదాకా ఆ మాటే మనసులో మెదిలింది. ఇన్నేళ్ళూ దాచిపెట్టడమే నా విద్య అనుకున్నాను. ఆ మనిషి పదిమందిలో చెప్పేసింది. చెప్పినా నా పని చెడలేదు, ఆమె తల దించుకోలేదు.