ఆగని చుక్క

మా వదిన ఆన్‌లైన్ మ్యాపులు తయారుచేసే ఆఫీసులో ఇంజినీరు. భయం ఆమెకు పుట్టుకతో వచ్చింది. తాళం వేసిన తలుపును మళ్ళీ లాగి చూడనిదే మెట్లు దిగదు. అలాంటి మనిషికి, తల్లిదండ్రులు ఫోన్లలో చూసుకునే స్కూలు బస్సుల మ్యాపు అప్పగించారు.

బస్సులోని పరికరం తానెక్కడుందో ఉండుండి కబురు పంపుతుంది. అప్పుడల్లా మ్యాపు మీద ఎర్ర చుక్క ఒక్క గెంతు గెంతేది. సిగ్నల్ పోతే బిగుసుకుపోయేది. ఇక తల్లిదండ్రులు ఫోన్లు చేసి ఆఫీసును పీక్కుతినేవారు. వదిన బుర్ర బద్దలు కొట్టుకుని ఒక ఉపాయం కనిపెట్టింది. కబురు రాకపోయినా, బస్సు అదే వేగంతో వస్తోందనుకుని చుక్కను దారి వెంట నడిపించడమే ఆ ఉపాయం. ఫోన్లు ఆగిపోయాయి.

"అందరి భయాన్నీ నువ్వే మింగేశావు వదినా!" అని ఆటపట్టించాను.

ఆ సాయంత్రం జోరువాన. వాళ్ళ పాప బుజ్జి కోసం వదినా నేనూ బస్సాగే చోట నిలబడ్డాం. పక్కన ఇంకొందరు తల్లులు, చేతుల్లో ఫోన్లు.

"వంతెన దాటేసింది," అందొకావిడ నిశ్చింతగా.

చుక్క మలుపు తిరిగింది. మా ముందుకొచ్చి ఆగింది. రోడ్డు మీద మాత్రం వాన తప్ప ఏమీ లేదు.

వదిన నా చెయ్యి పట్టుకుంది.

"అది బస్సు కాదు," అంది గొంతు తగ్గించి. "సిగ్నల్ ఎప్పుడో పోయుంటుంది. ఇక్కడిదాకా వచ్చింది నా లెక్కే."

"మరి బస్సెక్కడ?"

"కనిపించకుండా చేసింది నేనేగా, నన్నడుగుతావేం!"

"వచ్చేసిందిగా, కంగారెందుకండీ?" అని నవ్వింది పక్కావిడ. వదిన ఆమెకు నిజం చెప్పబోయి, మనసు మార్చుకుని డ్రైవరుకు ఫోన్ చేసింది. అతను ఎత్తలేదు. నేనూ వానలోకి దిగి దారి వైపు చూశాను. వేళాకోళం గీళాకోళం ఎటు పోయిందో!

చివరికి బస్సు వచ్చింది. వంతెనకు అవతలే, నీళ్ళలో ఇంజను ఆగిపోయిందట. పిల్లలు పాటలు పాడుకుంటూ దిగారు. వదిన బుజ్జిని వాటేసుకుని బావురుమంది. మిగతావాళ్ళు వింతగా చూశారు.

ఆ వారంలోనే మేనేజరుతో పోట్లాడి మరీ మార్పించింది. ఇప్పుడు కబురు రాకపోతే చుక్క ఉన్నచోటే ఆగి బూడిదరంగుకు మారుతుంది. తల్లిదండ్రుల ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. వదిన ఇంటినుంచి పనిచేస్తున్న ఒక రోజు, నా ఎదుటే, మా అమ్మ ఫోన్ చేసింది.

"ఏమ్మా, చుక్క బూడిదరంగైపోయింది. పిల్ల ఎక్కడుంది?"

వదిన కళ్ళు గట్టిగా మూసుకుంది.

"తెలీదత్తయ్యా," అంది. "నాక్కూడా తెలీదు."