ఐదో ఫౌల్

గత మంగళవారం ఉదయం మా పక్కింటి అంకుల్ కన్నుమూశారు. చాంగీ బిజినెస్ పార్క్‌లో నేను అప్పుడే ఆఫీసుకు చేరాను. ఆంటీ ఫోన్ చేసి, "కాఫీ తాగి పేపరు చేతిలోకి తీసుకున్నారమ్మా. అంతే," అన్నారు. నేను బ్యాగు కూడా దించకుండా వెనక్కి బయలుదేరాను.

సింగపూర్‌లో, పాసిర్ రిస్‌లో వాళ్ల ఫ్లాటూ మా ఫ్లాటూ పక్కపక్కనే. అంకుల్ కుర్రతనంలోనే విశాఖపట్నం నుంచి ఇక్కడి షిప్‌యార్డుకు డ్రాఫ్ట్స్‌మన్‌గా వచ్చి, ఇక్కడే రిటైరయ్యారు. సాయంత్రాలు మాత్రం బాస్కెట్‌బాల్ స్కోరర్. అప్పట్లో జీతాలిచ్చి ఆటగాళ్లను పెట్టుకునే క్లబ్బులు కొన్ని ఉండేవట. ఆ మ్యాచ్‌లకు కోర్టు పక్కన బల్ల దగ్గర కూర్చుని, ఎవరెన్ని పాయింట్లు వేశారో, ఎవరెన్ని ఫౌళ్లు చేశారో రాసేది ఆయనే.

ఆ స్కోర్ షీట్ల కార్బన్ కాపీలు ఒక ఫైలులో దాచుకున్నారు. మా అమ్మాయి స్కూలు టీములో చేరాక ఆ ఫైలు మా డైనింగ్ టేబుల్ మీదకు రావడం మొదలైంది. నాకు అందులో గడులూ అంకెలూ తప్ప ఏమీ కనిపించేవి కావు. ఆయనకు ఆట మొత్తం కనిపించేది.

"ఈ అబ్బాయిని చూడు, మొదటి సగంలో ఒక్క పాయింటూ లేదు. రెండో సగంలో ఎన్ని వేశాడో చూశావా? మధ్యలో వాళ్ల కోచ్ ఏటో అనుంటాడు."

"అంకుల్, అదంతా మీరే కల్పించి చెబుతున్నారు లా," అని ఇక్కడివాళ్లలా మాట చివర లా కలిపి నవ్వేది అమ్మాయి.

"రాసేటప్పుడు చూసిందే రాయాలమ్మా, అనుకున్నది కాదు. చదివేటప్పుడు కాస్త అనుకోవచ్చు," అనేవారు.

అమ్మాయి మ్యాచ్‌లకు వచ్చేవారు గానీ ఒక్కసారీ చప్పట్లు కొట్టేవారు కాదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఏ జట్టు వైపూ మొగ్గకూడదని స్కోరర్‌గా పడిన అలవాటు, మానలేకపోయారు.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం అమ్మాయి ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఐదు ఫౌళ్లయ్యాయని మ్యాచ్ మధ్యలో బయటికి పంపేశారట. "నాలుగే చేశాను లా. టేబుల్ దగ్గర రాంగ్‌గా రాశారు." ఒక ఆటే కదా, వదిలెయ్యమన్నాను. కరివేపాకు ఇవ్వడానికొచ్చిన అంకుల్ మా మాటలు విని, కరివేపాకు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

మర్నాడు ఒక పాత షీటు తెచ్చి మా ముందు పెట్టి, ఆ మ్యాచ్ సంగతి చెప్పారు. ఒకే జట్టులో ఐదో నంబరు ఆటగాడొకరు, పదిహేనో నంబరు ఇంకొకరు. ఫౌల్ ఎవరిదో రిఫరీ వేళ్లతో చూపిస్తాడు. ఐదయితే విప్పిన అరచెయ్యి ఒక్కటే. పదిహేనయితే దాంతోపాటు మూసిన పిడికిలి కూడా. మధ్యలో ఎవరో అడ్డు రావడంతో అంకుల్‌కు అరచెయ్యే కనిపించింది. ఐదో నంబరు కింద రాసేశారు. అతనికది ఐదో ఫౌల్. నాలుగేనని అతను ఎంత మొత్తుకున్నా, షీటులో ఉన్నదే లెక్క. అతను బయటికి వెళ్లాడు, జట్టు ఓడిపోయింది. ఆట అయ్యాక పదిహేనో నంబరు కుర్రాడు ఆ ఫౌల్ తనదేనని ఎవరితోనో చెబుతుంటే అంకుల్ విన్నారు.

"అప్పుడే చెప్పాల్సింది. ఆ బల్ల దగ్గర మళ్లీ కూర్చోనివ్వరని భయపడ్డాను. మరుసటి ఏడాది క్లబ్బు అతన్ని తీసుకోలేదు. అతనికి నిజం చెబుదామని చాలాసార్లు బయలుదేరాను. బస్‌స్టాప్ దాకా వెళ్లి వచ్చేసేవాణ్ని," అన్నారు అమ్మాయి వైపు చూడకుండా.

షీటు మీద ఉన్న ఆ ఐదో నంబరు ఆటగాడి పేరు పట్టుకుని అమ్మాయే వెతికింది. ఆయన ఇప్పుడు మా పక్కనే ఉన్న తాంపినీస్‌లో పిల్లలకు కోచ్‌గా ఆట నేర్పిస్తున్నారు. ముగ్గురం వెళ్లాం.

కోచ్ కళ్లద్దాలు పెట్టుకుని ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. "నాలుగేనని ఆ రోజే చెప్పాను," అన్నారు ఇంగ్లీషులో.

"చెప్పావు. నేను తలెత్తలేదు. తప్పు నాది. తెలిశాక కూడా నోరు మూసుకోవడం ఇంకా పెద్ద తప్పు."

"క్లబ్బు నన్ను వదిలేసింది దీనివల్లేనని నా భార్య ఇప్పటికీ అంటుంది. నాకు తెలీదు. అప్పటికే మోకాలు కూడా బాగాలేదు." కోచ్ కొద్దిగా నవ్వారు. "రెండో సగంలో ఒకడి చేతి మీద కొట్టాను అంకుల్. రిఫరీ చూడలేదు. కాబట్టి మొత్తం ఐదే."

"చూడనిది నేను రాయలేను," అన్నారు అంకుల్. పెన్ను తీసి ఐదో నంబరు ఎదురుగా ఉన్న ఆ గుర్తు కొట్టేసి, పదిహేను ఎదురుగా వేసి, కింద ఆ రోజు తేదీతో సంతకం చేశారు. కోచ్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆదివారాలు పిల్లల మ్యాచ్‌లకు స్కోరు రాసేవాళ్లు లేరని, వస్తారా అని అడిగారు.

బస్సులో నేను ఉండబట్టలేక అడిగాను, కోచ్ నిజంగానే ఆ ఫౌల్ చేసి ఉంటారా అని.

"నాకనిపించింది చెప్పమంటే, చెయ్యలేదమ్మా," అన్నారు అంకుల్, కిటికీలోంచి చూస్తూ.

అప్పటినుంచి ఆదివారాలు తాంపినీస్ వెళ్లేవారు. కోచ్ భార్యా అక్కడికి వచ్చేదట గానీ, ఆయన్ను ఏనాడూ పలకరించలేదట. నాకు కష్టంగా అనిపించి ఆ మాటే అంటే, "ఆవిడ నష్టపోయింది. నాతో మాట్లాడాలని ఏముంది?" అన్నారు.

తప్పు ఒప్పుకున్నవాళ్లను ఇంకొందరిని కూడా చూశాను. అంత ఆలస్యమయ్యాక, ఎవరూ అడక్కపోయినా వెతుక్కుంటూ వెళ్లింది మాత్రం మా అంకుల్ ఒక్కరే. ఇప్పుడు ఆఫీసులో నా వల్ల ఏదైనా పొరపాటు జరిగితే, సాయంత్రం దాకా ఆగకుండా చెప్పేస్తున్నాను. అది ఆయన నేర్పిందే.

అంత్యక్రియల మర్నాడు ఆంటీ వాళ్ల ఫ్లాటు నిండా జనం. కోచ్, ఆయన భార్య కూడా వచ్చారు. మా తెలుగు మాటల మధ్య ఏం చెయ్యాలో తెలియక కోచ్ భార్య కాసేపు గోడవారగా నిలబడింది. తర్వాత వంటింట్లోకి వెళ్లింది. నేను వెళ్లి చూసేసరికి చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. వచ్చినవాళ్లు తాగి పెట్టిన స్టీలు గ్లాసులు ఒక్కొక్కటే కడిగి, తువ్వాలు మీద వరసగా బోర్లిస్తోంది.