సీసాలోకి తేమ ఎటునుంచి వస్తోంది

మిర్యాలగూడ బయట మందుల ముడిపొడులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో నాది ల్యాబ్ ఉద్యోగం. పొడిలో ఎంత నీరు మిగిలిందో తేల్చడం నా పని. దానికి మేము కేఎఫ్ అని పిలుచుకునే గోధుమరంగు ద్రావణం వాడతాం. దానికి నీరంటే తగని ఆశ. పొడిలో దొరక్కపోతే గాలిలోదైనా లాగేసుకుంటుంది. లాగేసుకున్న కొద్దీ బలం తగ్గుతుంది. అందుకే రోజూ పొద్దున దాని బలం కొలవాలి. సిరంజితో నీటి చుక్కను తూచి మెషిన్‌లో వదులుతాను. చుక్క బరువును, దానికి ఖర్చయిన ద్రావణంతో భాగిస్తే వచ్చేదే ఫ్యాక్టర్.

ఆ వానాకాలం ఫ్యాక్టర్ పడిపోతూనే ఉంది. నెల రావాల్సిన సీసా వారం తిరక్కముందే పనికిరాకుండా పోతోంది. కొలిచేది నేను కాబట్టి అనుమానం కూడా నా మీదే. సరిగ్గా అప్పుడే నా ప్రొబేషన్ ముగియవచ్చింది.

మేనేజర్‌ది సూర్యాపేట. కోపం వస్తే గొంతు తగ్గిస్తాడు.

"నీ చేతుల తేడా ఉందా, సీసల తేడా ఉందా, జర తేల్చు. తేలేదాక నీ కన్ఫర్మేషన్ మీద సంతకం పెట్ట" అన్నాడు.

దారులన్నీ వరసగా వేసుకున్నాను. ఒకటి, నా తూకం తప్పు కావచ్చు. మళ్లీ మళ్లీ తూచాను, జవాబు మారలేదు. రెండు, చుక్క వేసే ముందు మెషిన్‌లో పోసే మెథనాల్‌లో నీరుండవచ్చు. కానీ చుక్క వేయకముందే దానిలోని నీటిని కేఎఫ్‌తో ఖతం చేస్తాం కాబట్టి అదీ కాదు. మూడు, సీసా మూత వదులై ఉండవచ్చు. నాలుగు, మూత పక్కనున్న గాలిగొట్టం. లోపలికి పోయే గాలిలోని తేమను పీల్చడానికి అందులో సిలికా గింజలు పోస్తారు. గొట్టం మెషిన్ వెనక, గోడ వైపు ఉంటుంది. గింజలు మార్చడం రెండో షిఫ్టు పని.

ఐదోది మనిషి. నిజానికి మొదటి నుంచీ నా మనసులో ఉన్నది అదే.

రెండో షిఫ్టులో వచ్చే సీనియర్‌ది కోదాడ, నేను అన్నా అని పిలుస్తాను. ఎప్పుడూ నవ్వుతూనే మాట్లాడతాడు. ఆయన బామ్మర్ది బీఎస్సీ చేసి ఖాళీగా ఉన్నాడు. "మన ల్యాబ్‌లో ఏమన్నా ఖాళీ వస్తే చూడండి సార్" అని మేనేజర్‌ను అడుగుతుంటే నా చెవులారా విన్నాను. నేను పోతే ఖాళీ వస్తుంది.

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగిపోతూ మూతకూ సీసా మెడకూ కలిపి సన్నటి టేపు అంటించాను. మర్నాడు టేపు చెక్కుచెదరలేదు. ఫ్యాక్టర్ మాత్రం పడింది. ఇక మిగిలింది గొట్టమే.

ఆ రోజు షిఫ్టు అయిపోయినా గాజుసామాను కడిగే వంకతో ఉండిపోయాను. కాసేపటికి అన్న గొట్టం ఊడదీసి, అందులోని నారింజరంగు గింజలు వంపేశాడు. కిటికీ దగ్గర పళ్లెంలో పరిచి ఉన్న ముదురురంగు గింజలు తెచ్చి నింపుతున్నాడు. తడి చేతులతోనే పరుగెత్తాను.

"అన్నా, ఏం చేస్తున్నవ్?"

"కనపడట్లా? గింజలు మారుస్తున్నా."

"మంచియి తీసి పారేస్తున్నవ్ గదనే!"

"ఎర్రబడ్డయ్ మంచియ్యెట్లా అవుతయ్ తమ్ముడూ? కాలేజీలో ఏం చదివినవ్? నీలంగా ఉంటే పొడి, ఎర్రబడితే తడి. ఈ కొత్త సరుకు మరీ మొండిది. ఓవెన్‌లో ఎంత ఎండబెట్టినా ఎర్రగానే వస్తది. పళ్లెంలో పోసి గాలికి పెడితే గాని రంగు తిరగట్లా."

నేను గింజల డబ్బా తెచ్చి ముందుపెట్టాను. ఈ రకం పొడిగా ఉంటే నారింజరంగు, తేమ పడితే ఆకుపచ్చ అని చీటీ మీద ఉంది. పొద్దంతా వానగాలి తాగిన గింజలనే ఆయన రోజూ సీసాకు కాపలా పెడుతున్నాడు. అన్న చీటీ చదివాడు. తర్వాత గట్టిగా నవ్వాడు.

"ఆగు, నేనే చెప్తా" అంటూ మేనేజర్ గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

అద్దంలోంచి ఇద్దరూ కనిపిస్తున్నారు, మాట వినిపించదు. అన్న చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. మేనేజర్ ఒకసారి నా వైపు చూశాడు. తప్పు ఎవరిదని చెబుతున్నాడో? ఇన్నేళ్ల అనుభవమున్న మనిషి డబ్బా మీది చీటీ ఒక్కసారీ చదవలేదా? ఇంతలో ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చలేదు.

నన్ను లోపలికి పిలిచారు.

"తప్పు తనదే అన్నడు. నీ కాయితం మీద సంతకం పెడుతున్న" అన్నాడు మేనేజర్ పెన్ను తీస్తూ. "కానీ ఇగ నుంచి గింజలు మార్చుడు గూడ నీదే. రంగులు నీకే బాగ తెలుసంట గద."

ఆ పని నాకు అంటగట్టింది మేనేజరా, లేక అన్ననా అని ఆలోచిస్తూనే కాగితం అందుకున్నాను.