బంకతో అంటించిన బొమ్మ

మొన్న మా తమ్ముడి కూతురు నా ఫోన్‌లో ఏదో యాప్ వేసి, గుర్తున్నవన్నీ ఇందులో రాసుకో అత్తా అంది. పెద్ద మాట ఒకటి రాసి, దాని కిందికి చిన్న మాటలు, వాటి కిందికి ఇంకా చిన్నవి జరుపుకుంటూ పోవడమే. అంతా ఉత్త అక్షరాలే కాబట్టి నాకు నచ్చింది. నిన్న మళ్ళీ వచ్చి, ఇందులో బొమ్మలు కూడా పెట్టుకోవచ్చంటూ ఒక మాట పక్కన మామిడిచెట్టు ఫోటో పెట్టి, వెంటనే వేలితో తాకి తీసేసింది. బొమ్మ పోయింది గానీ రాత చెక్కుచెదరలేదు. పిల్ల వెళ్ళిపోయాక కూడా నేను ఆ ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాను.

మన కాలంలో నోట్సులో బొమ్మ అంటించడమంటే ఎంత తతంగమో మీకు నేను చెప్పాలా? ఎనభైలలో నేను జూలూరుపాడు బడిలో చదివేదాన్ని. ప్రతి పాఠానికీ బొమ్మ ఉండాలని, అన్నిటిలోకీ మంచి నోట్సును తనిఖీకి వచ్చే పెద్దసారుకు చూపిస్తానని మా సైన్సు సారు చెప్పాడు. నా దస్తూరీ బాగుంటుందని నాకు కొంచెం పొగరు, ఆ నోట్సు నాదే కావాలని ఆశ. రైతుల పిల్లలు ఖమ్మం నుంచి బొమ్మల షీట్లు తెప్పించుకునేవాళ్ళు. మా నాయనకు అక్షరం ముక్క రాదు, అడవిలో చెట్ల బంక ఏరి సంతలో అమ్మేవాడు, మాకు షీట్లెక్కడివి?

తనిఖీ ముందు రోజు, రేపు ఏం పాఠమని నాయన అడిగితే, మనిషి గాలి ఎట్ల పీలుస్తడో ఆ పాఠమని చెప్పి నీళ్ళకు పోయాను. వచ్చేసరికి నోట్సులో బొమ్మకని నేను వదిలిన ఖాళీలో బీడీకట్ట మీది బొమ్మ అంటించి ఉంది: మీసాల మనిషి, నోట్లో బీడీ, పైకి పొగ. "చూడు, లోపలికి పీలుస్తుండు, బయటికి ఇడుస్తుండు. మీ సారు చెప్పేది గిదే గదా?" అన్నాడు మురిసిపోతూ.

నవ్వొస్తుందా మీకు? నాకైతే ఏడుపొచ్చింది. తెల్లారి బడిలో పక్కపిల్ల చూసి కిసుక్కుమంది, చూస్తుండగానే వరసంతా నవ్వు పాకింది. సిగ్గుతో చచ్చిపోయి, సారు వచ్చేలోపు పీకేద్దామని గోటితో గీకాను. అది షాపు గమ్ము కాదాయె, మా నాయన ఏరిన బంక. వెనకవైపు రాతతో సహా కాగితమే ఊడొచ్చి, పేజీ మధ్యన పెద్ద చిల్లు పడింది. సారు నోట్సు తిరగేసి పక్కన పెట్టాడు. పెద్దసారు దగ్గరికి ఇంకొకరిది పోయింది.

తల తిప్పితే కిటికీ దగ్గర మా నాయన. సంతకు పోతూ పోతూ, తను పెట్టిన బొమ్మను సార్లు చూస్తుంటే చూద్దామని బంకమూటతో అలాగే ఆగాడట. నా చేతిలో నలిగిన కాగితాన్ని చూశాడు. బడి గంట కొట్టాక బయటికి పోతే, తిడతాడనుకున్న మనిషి నా తల నిమిరి, "బంక జర ఎక్కువ పెట్టిన బిడ్డా, తప్పు నాదే" అన్నాడు. ఆ మాటకు నేను పడిన సిగ్గు ముందు పిల్లల నవ్వు ఏపాటిది? ఆయన మళ్ళీ ఎప్పుడూ నా నోట్సు ముట్టలేదు.

ఇప్పుడు బొమ్మ పెట్టడం తేలిక, తీసెయ్యడం ఇంకా తేలిక; ఏదీ చిరగదు, ఎవరూ తప్పు తన మీద వేసుకోనక్కర్లేదు. పొద్దున మా మేనకోడలు ఫోన్ చేసి, నాయన అని రాసుకున్నావు గదా అత్తా, పక్కన తాత ఫోటో పెట్టావా అని అడిగింది. ఎన్నడూ ఫోటో దిగిన మనిషి కాదు ఆయన. నా రాత పక్కన ఆయన తన చేత్తో పెట్టిన బొమ్మ ఒక్కటే, దాన్ని నేనే పీకేశాను.