పెండ్లికొడుకు అడిగిన సవరం

ఆ రోజుల్లో మా సోగత్తూరులో మగవాడి గడ్డం పెరిగేంతవరకే వాడిది. దాన్ని ఎప్పుడు తీసేయాలన్నది కత్తి తాత ఇష్టం. ఆయన పదిహేను దినాలకొకసారి చెక్కపెట్టె చంకన పెట్టుకొని వచ్చి మా పశువుల కొట్టం ముందర కూర్చుంటే, మా తాత పోయి ఎదురుగా గొంతుకూర్చుని మొగం అప్పగించేవాడు. సబ్బు లేదు, నురగ లేదు. కొబ్బరిచిప్పలో నీళ్ళు. వాటితో చెంపలు తడిపి తడిపి, కత్తిని అరచేతి మీద నాలుగుసార్లు తిప్పి గీసేవాడు. మా తాత కండ్లలో నీళ్ళు కారుతుండేవి గానీ నోట మాట వచ్చేది కాదు (కత్తి గొంతు మీద ఉన్నప్పుడు ఎవరికొస్తుంది?). చివర్లో పటిక ముక్క రుద్దినప్పుడు మాత్రం అంతసేపు దాచుకున్నదంతా కలిపి ఒకేసారి అరిచేవాడు. ఒకసారి మా అమ్మ అద్దం ఇయ్యబోతే, "నాకెందుకమ్మా, ఆయప్ప చూసినాడు గదా" అన్నాడు. అంత వయసు బతికిన మనిషి తన మొగం ఎట్లుంటుందో సరిగా తెలియకుండానే పోయినాడు. ఇప్పుడు మా మనవడు పొద్దస్తమానం సెల్లులో తన మొగమే చూసుకుంటాడు, అయినా గడ్డం మాత్రం తీయడు. ఈ ఇద్దరి నడుమ నలిగిపోయినవాణ్ణి నేను.

మా నాయన కాలానికి ధర్మపురి బస్టాండు దగ్గర సెలూను వచ్చింది. ఆదివారం పొద్దున్నే చలువ చొక్కా వేసుకొని పోయేవాడు. ముందొక అద్దం, వెనకొక అద్దం, నడుమ తిరిగే కుర్చీ. అక్కడ అరవ పేపరు చేతికిచ్చేవారు. నాయనకు చదువు రాదు. పక్కాయన పుట తిప్పితే తానూ తిప్పేవాడు, పక్కాయన తల ఊపితే తానూ ఊపేవాడు. అట్లా నునుపు చెంపలతో, దేశం సంగతులన్నీ తెలిసిన మొగంతో ఇంటికొచ్చేవాడు. ఆయనది ఒకటే చట్టం. ఇంట్లో సవరం చేసుకోకూడదు, ఇంట్లో వెంట్రుక రాలితే దరిద్రం పట్టుకుంటుంది. (మా వైపు గడ్డం గీయడాన్ని సవరం అంటారు. అరవమాటే, మా నోట్లో పడి తెలుగైపోయింది. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.)

నేను అప్పుడు లారీలకు మూటలెత్తే పని చేస్తుంటిని. తొప్పూరు కనుమ కింద లారీలు వరసగా నిలిచే తావుంది. అక్కడ ఒక పొద్దున ఒక డ్రైవరు లారీ పక్కద్దంలో చూసుకుంటా సవరం చేసుకోవడం చూసినాను. చిన్న గిన్నెలో సబ్బు, దాంట్లో కుచ్చు తిప్పితే మొగమంతా తెల్లని నురగ. చేతిలో మెరిసే రేజరు. పిడి తిప్పితే పైన రెండు తలుపులు తెరుచుకున్నాయి, బ్లేడును లోపల పడుకోబెట్టి మళ్ళీ తిప్పితే మూసుకున్నాయి. ఎవని ముందరా తల వంచకుండా, కండ్లలో నీళ్ళు లేకుండా, పాట పాడుకుంటా గీసుకున్నాడు. ఆ దినం నుంచి నాకు తిండి సహించలేదు. అట్లాంటి సెట్టు కావాల. కొని తెస్తే నాయన బావిలో పారేస్తాడు. పెండ్లిలో అత్తగారింటివాళ్ళు పెట్టింది అయితే ఎవరూ పారేయలేరు. ఇరవై మూడేండ్ల వయసులో నా బుర్ర పనిచేసింది ఆ ఒక్కసారే, అదీ తప్పుగా.

అప్పుడే మదనపల్లె పక్క పల్లెలో సంబంధం కుదిరింది. మా అవ్వ పుట్టింటి వైపు దూరపు చుట్టాలు. పిల్లను చూడను పోయినాము. ఆమె మంచినీళ్ళ చెంబు పెట్టి వెనక్కి తిరిగితే జడ మోకాళ్ళ దాకా ఊగింది. గడప దాటేముందు ఒక్కసారి తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపుతో నా పని అయిపోయింది, ఇంక ఈ పిల్ల కాకపోతే నాకు పెండ్లే వద్దనుకున్నాను. తిరుగు బస్సు ఎక్కేటప్పుడు కాబోయే మామ, "అల్లునికి ఏదైనా ఆశ ఉంటే మొగమాటం లేకుండా చెప్పండి" అన్నాడు. నేను మా చిన్నాయన చెవిలో చెప్పినాను. చిన్నాయనకు ఊర్లో మైకు అని పేరు, చిన్న మాట గూడా మూడు వీధులకు వినిపిస్తుంది. బస్సు కదిలింది. చిన్నాయన కిటికీలోనుంచి తల బయట పెట్టి, "ఏమీ వద్దు బావా. పిల్లోనికి సవరం ఒకటి చాలు. మంచిదిగా చూసి తెండి, వానికి దినమూ కావాల" అని అరిచినాడు. వెనక్కి తిరిగి చూస్తే మామ చెయ్యెత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయినాడు. మర్యాదస్తుడు, బస్సు కనుమరుగయ్యేదాకా చెయ్యి దించడేమో అనుకున్నాను.

పది దినాలు కాలేదు, పిల్ల మేనమామ చెప్పాపెట్టకుండా గొడుగు పట్టుకొని వచ్చినాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు. మా అమ్మ పెట్టిన రాగిముద్ద తింటున్నాడు గానీ కండ్లు నా నెత్తి మీదే.

"ఎండలో తలగుడ్డ కడతావా అబ్బోడా?"

"కడతాను మామా."

"గాలి తోలితే? అంటే, ఏమీ ఎగిరిపోదు గదా?"

"తలగుడ్డా?"

"తలగుడ్డే అనుకో."

తిన్న చెయ్యి కడుక్కొని, పెండ్లికొడుకు తలకు మేనమామ వరసవాడు నూనె అంటడం వాళ్ళ వైపు ఆనవాయితీ అని చెప్పి, నన్ను పీట మీద కూర్చోబెట్టినాడు. నాలుగు చుక్కలు వేసినాడో లేదో, రెండు చేతులా నా జుట్టు పట్టుకొని, మొక్క పెరికినట్టు పెరికినాడు. నేను పెట్టిన కేకకు కొట్టంలో ఆవు లేచి నిలబడింది. ఆయన మొగంలో మాత్రం అంత సంతోషం. "గట్టిదే, గట్టిదే" అన్నాడు. మళ్ళీ ఆలోచనలో పడి మా చిన్నాయనను పక్కకు పిలిచినాడు. (పక్కకు పిలిచి ఏమి లాభం, చిన్నాయన జవాబు వీధి చివరిదాకా వినబడింది.)

"మరి ఆ సవరం ఎవరికి బావా?"

"పిల్లోనికే."

"వానికి బాగానే పెరిగింది గదా?"

"పెరిగితేనే గదయ్యా సవరం. పెరగనోనికి ఎందుకు?"

ఆ మనిషి గొడుగు మర్చిపోయి వెళ్ళిపోయినాడు.

తరువాత ఒక ఉత్తరం వచ్చింది, తెలుగులో. మేము తరతరాలుగా ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ, ఆ అక్షరం చదివేవాడు మా ఊరంతా వెతికినా లేడు. మా అమ్మ, "పెండ్లివాళ్ళ ఉత్తరం, మంచిమాటే ఉంటుంది" అని నాలుగు మూలలా పసుపు పూసి దేవుని పటం ముందర పెట్టింది. రోజూ దానికి దండం పెట్టుకొని పనికి పోతుంటిని. ఎన్ని దినాలు పెట్టుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గవుతుంది. ఒక శనివారం పొద్దున మనసాగక దాన్ని జేబులో పెట్టుకొని తొప్పూరుకు పోయి, మదనపల్లె టమాటా లారీ డ్రైవరన్న చేతికిచ్చినాను. ఆయన అందరి ముందరా గట్టిగా చదివినాడు.

"మీ పిల్లవాడు మీ వైపు కూత్తులో ఆడవేషం కడతాడని మాకు ముందు చెప్పలేదు. సవరం అడిగినప్పుడే అనుమానం వచ్చింది. తెల్లవార్లూ వీధి నాటకాలాడే మనిషికి పిల్లనిచ్చి ఏమి చేసేది? ఈ నెల చివరి ఆదివారంలోగా మీరు వచ్చి సమాధానం చెప్పకపోతే ఈ సంబంధం లేనట్టే."

డ్రైవరన్న కాగితం మడిచి నన్ను కిందినుంచి పైకి చూసినాడు. "ఏ వేషం కడతావప్పా?"

"నేను ఏ వేషమూ కట్టనన్నా. సవరం సెట్టు అడిగినాను, గడ్డానికి."

ఆయన లారీ చక్రానికి ఆనుకొని కూలబడి నవ్వినాడు. "నాయనా, మా వైపు సవరమంటే ఆడవాళ్ళు జడకు కలిపి కట్టుకునే దొంగ జుట్టురా." (దాన్ని మేము సవురి అంటాము. ఒక్క మాట తేడాకు మనిషి బతుకు తెల్లారిపోతుందని నాకెవరు చెప్పినారు?) ఆ ఆదివారం అంటే రేపే. డ్రైవరన్న తన లారీ అక్కడికే పోతుందని ఎక్కమన్నాడు. నా మొగం చూసి, "ఈ గడ్డంతో పోతే పిల్లను కాదు గదా, నీళ్ళు గూడా ఇయ్యరు" అని తన రేజరు చేతికిచ్చినాడు. ఎన్ని దినాల ఆశ. లారీ అద్దం ముందర నిలబడి ఎడమ చెంప అయిందనిపించినాను. ఇంతలో వెనక లారీలవాళ్ళు హారన్లు కొట్టినారు, బండి కదిలింది. కుడి చెంప కనుమ ఎక్కుతున్న లారీలో మొదలుపెట్టినాను. మొదటి మలుపులో ఒక గాటు, రెండో మలుపులో రెండు. మూడో మలుపుకు డ్రైవరన్న రేజరు లాక్కొని, బీడీకట్ట కాగితం చించి గాట్ల మీద అతికించమన్నాడు. దారిపొడుగునా నాకు ఒక మాట నేర్పించినాడు, "గడ్డం గీసుకునే సామాను" అని. బడిపిల్లోని మాదిరి వల్లెవేసుకుంటా పోయినాను.

పొద్దు గుంకే యాలకు వాళ్ళ అరుగు ముందర నిలబడినాను. ఒక చెంప నున్నగా, ఒక చెంప ముళ్ళుగా, దాని మీద ఎర్రటి కాగితం ముక్కలు. మేనమామ లేచి నిలబడి, "చూసినావా బావా, వేషం సగమే కడుక్కొని వచ్చేసినాడు" అన్నాడు. ఆ మాటతో దారిపొడుగునా నేర్చుకున్నదంతా గొంతులోనే ఎండిపోయింది.

"మామా, నేను కూత్తు ఆడను. నాకు జుట్టు వద్దు. సవరమే కావాల."

"మళ్ళీ అదే అంటాడే."

"జడకు కాదు మామా. చెంపకు."

"చెంపకు సవరమా?" మామ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నా కండ్లలో నీళ్ళు తిరిగినాయి, అచ్చం మా తాతకు మాదిరి. పోయి మళ్ళీ ఆ లారీయే ఎక్కుదామని వెనక్కి తిరిగినాను. అప్పుడు తలుపు వెనకనుంచి గాజులు కదిలినాయి, గుడ్డ అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు వినబడింది.

"నాయనా, ఆ మనిషి మొగం చూసి గూడా తెలియలేదా? గడ్డం గీసుకునే సామాను అడుగుతుండాడు పాపం."

నా పెండ్లాం నా గురించి చెప్పిన మొదటి మాట అది. చివర్లో ఉన్న ఆ 'పాపం' ఈనాటికీ తీసేయలేదు.

పెండ్లిలో నా తట్టలో మెరిసే సెట్టు వచ్చింది. దాని పక్కనే, ముందే కొని దాచినారంట, నల్లగా నిగనిగలాడే సవరం గూడా పెట్టినారు. నాయన సెట్టును చేతిలో పట్టుకొని తిప్పి తిప్పి చూసి మళ్ళీ తట్టలోనే పెట్టినాడు. మరుసటి పొద్దున నేను గిన్నెలో నీళ్ళు పట్టుకొని వస్తుంటే పశువుల కొట్టం వైపు వేలు చూపించినాడు. మా తాత మొగం అప్పగించిన చోటే, ఆవు పక్కన నిలబడి, ఏండ్ల తరబడి సవరం చేసుకున్నాను. నురగ గిన్నె కింద పెడితే ఆవు నాకేసేది. బ్లేడు మొద్దుబారితే గాజుగ్లాసు లోపల రుద్ది మళ్ళీ పదును పెట్టుకునేవాణ్ణి. తొప్పూరులో చూసిన ఆ దర్జా ఏమయిందో దేవునికే తెలియాల.

నా కొడుక్కు డబ్బా నొక్కితే నురగ వస్తుంది, నాలుగు సార్లు గీసి రేజరు పారేస్తాడు. మనవడు దానికీ ఒప్పుకోడు. గడ్డానికి నూనె, గడ్డానికి దువ్వెన, గడ్డం సరిచేయించుకోను ధర్మపురిలో అద్దాల సెలూను. మొన్న నా సెట్టు చూసి, "తాతా, ఇది ఏ మెషీన్‌లోది?" అని అరవంలో అడిగినాడు. కథ చెప్పబోతే వాని సెల్లు మోగింది. కాగితం మీద రాసిపెట్టినా వాడు ఈ అక్షరాలు చదవలేడు. నాకు ఈ అక్షరాలు నేర్పింది నా పెండ్లామే. పెండ్లయిన ఏడాదే, రాగిపిండి చేటలో పరిచి, వేలు పట్టి దిద్దించింది. "ఇంకో ఉత్తరం వస్తే దండం పెట్టుకుంటా కూర్చోవద్దు" అన్నది.

ఆ మోకాళ్ళ జడ ఇప్పుడు పిడికెడు గూడా లేదు. పోయిన ఏడు ఒకరింటి పెండ్లికి పోవాలని పెట్టె అడుగునుంచి ఆ సవరం తీసింది. అంతకాలం అది ఎందుకు దాచిందని అడిగితే, "నువ్వు అడిగి తెప్పించింది గదా" అన్నది. ఇప్పుడు మా ఇద్దరికీ ఒకటే అద్దం. నాకు చెయ్యి వణుకుతుంది, గాట్లు పడతాయి, ఆమె క్యాలెండరు కాగితం చించి అతికిస్తుంది. ఆమెకు చెయ్యి వెనక్కి పోదు, సవరం నేను ముడివేస్తాను.

"నీ సవరం అయిందా?" అంటుంది.

"నీదయిందా?" అంటాను.

చివర్లో పటిక రుద్దుకుంటాను. ఒక్కోరోజు అద్దంలో మా తాత మాదిరి ఒక ముసలాయన కనబడతాడు, కండ్లలో నీళ్ళతో. పటిక మంట అని చెప్తే ఆమె నమ్మినట్టే ఉంటుంది.